క్రెడిట్ రిపోర్టు వల్ల ఆఫర్ ఆగిపోయింది, ఎవరికి రాయాలి?

చిరుగాలి:
పొద్దున్నుంచీ ఫోన్ పట్టుకునే ఉన్నాను, సరిగ్గా చెప్పేవాళ్లే లేరు. ఇక్కడ అమెరికాలో ఒక కంపెనీ ఉద్యోగం ఆఫర్ ఇచ్చాక క్రెడిట్ చెక్ (నా అప్పుల చరిత్ర చూడటం) చేశారట, కలెక్షన్ అకౌంటు (కట్టక వసూలు ఏజెన్సీకి వెళ్లిన బాకీ) ఉందని మెయిలొచ్చింది. అది నాది కాదు! హెచ్‌ఆర్ క్రెడిట్ బ్యూరోని (అప్పుల రికార్డులు ఉంచే కంపెనీని) అడగమంటారు, బ్యూరోలో మెషీన్ తప్ప మనిషి దొరకడు. నా క్రెడిట్ స్కోరు 760. ఏం చేయాలండీ?

పాతకాపు:
ఏ స్టేటు? మెయిల్లో ‘ప్రీ-అడ్వర్స్ యాక్షన్’ (ఉద్యోగం కాదనేముందు ఇచ్చే నోటీసు) అనుందా, ఉత్త ‘అడ్వర్స్ యాక్షన్’ (కాదన్నాక ఇచ్చేది) అనుందా?

లెక్కలపంతులు:
ముందు ఆ 760ని మర్చిపోండి. ఉద్యోగం కోసం బ్యూరోలు ఇచ్చే రిపోర్టులో స్కోరు ఉండదు, పుట్టిన తేదీ కూడా ఉండదు. అకౌంట్లు, బాకీలు, ఎగ్గొట్టిన కిస్తీలు మాత్రమే. స్కోరు, రిపోర్టు రెండూ ఒకటేనన్నట్టు అందరూ మాట్లాడటం వల్లే ఈ తికమకంతా. పైగా ఇది సాఫ్ట్ ఎంక్వైరీ (మీరు అప్పు అడిగినందుకు కాకుండా చూసేది), దీనివల్ల స్కోరు ఒక్క పాయింటు కూడా తగ్గదు.

ఈశాన్యం:
క్రెడిట్ ఫ్రీజ్ (రిపోర్టు బయటివాళ్లు చూడకుండా వేసే తాళం) పెట్టుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

పాతకాపు:
తప్పు. 2018 చట్టం ఫ్రీజును ఉచితం చేసింది, కానీ ఉద్యోగ చెక్‌లకు మినహాయింపు ఉంది. ఫ్రీజ్ ఉన్నా చూస్తారు.

చిరుగాలి:
టెక్సాస్ అండీ. ‘ప్రీ-అడ్వర్స్’ అనే ఉంది. పీడీఎఫ్ జత చేశారు, ఇప్పుడే తెరిచాను. నా పేరే, కానీ మధ్య అక్షరం (మిడిల్ ఇనీషియల్) వేరు. ఒహాయో అడ్రసు ఒకటుంది, నేనెప్పుడూ అక్కడ ఉండలేదు.

మైత్రేయి:
‘ప్రీ’ అంటే ఇంకా నిర్ణయం కాలేదు. ఎఫ్‌సీఆర్‌ఏ (క్రెడిట్ రిపోర్టుల ఫెడరల్ చట్టం) ప్రకారం కాదనేముందు రిపోర్టు కాపీ, హక్కుల సారాంశం మీ చేతికివ్వాలి. ఎన్ని రోజులు ఆగాలో చట్టంలో లేదు, మామూలుగా 5 పనిదినాలు ఆగుతారు. కాబట్టి ఈరోజే కదలండి.

ముందు హెచ్‌ఆర్‌కు మెయిల్: ‘ఈ అకౌంటు నాది కాదు, డిస్ప్యూట్ వేస్తున్నాను, తేలేదాకా నిర్ణయం ఆపండి’. ఆపి తీరాలని చట్టం లేదు, అయినా రాతపూర్వకంగా అడిగితే చాలామంది ఆగుతారు.

తర్వాత డిస్ప్యూట్, అంటే రిపోర్టులో తప్పుందని పెట్టే ఫిర్యాదు. పీడీఎఫ్ మొదటి పేజీలో రిపోర్టు తయారుచేసిన స్క్రీనింగ్ కంపెనీ పేరుంటుంది. దానికీ, ఆ అకౌంటు చూపిస్తున్న బ్యూరోకీ, రెండిటికీ పంపాలి. ఒక్కదానికే పంపి కూర్చుంటే అక్కడే రోజులు పోతాయి. అకౌంటు నంబరు, తప్పుగా ఉన్న మధ్య అక్షరం, ఆ అడ్రసు వేర్వేరుగా రాయండి. ఉత్తినే ‘నాది కాదు’ అంటే వాళ్లు పేరు సరిపోయిందని చూసి ‘వెరిఫైడ్’ అని తిప్పి పంపేస్తారు. ఐడీ, అడ్రసు రుజువు జతచేయండి. 30 రోజుల్లో తేల్చాలి, మధ్యలో మీరు కొత్త కాగితాలిస్తే ఇంకో 15 దాకా పట్టొచ్చు. అందుకే అన్నీ మొదటిసారే పంపండి.

ఈశాన్యం:
ఇది ఐడెంటిటీ థెఫ్ట్, మీ వివరాలు దొంగిలించి ఎవరో వాడుకున్నారు. ఎఫ్‌టీసీలో (వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ సంస్థ) రిపోర్టు ఇస్తే బ్యూరో ఆ అకౌంటును 4 పనిదినాల్లో బ్లాక్ చేస్తుంది.

మైత్రేయి:
దొంగతనమైతేనే అది. ఇక్కడ మధ్య అక్షరమూ అడ్రసూ రెండూ వేరు కాబట్టి ఇంకొకరి ఫైలు కలిసిపోయినట్టుంది, దీన్ని ‘మిక్స్‌డ్ ఫైల్’ అంటారు. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు వేలమందికి ఉండే మనవాళ్లకు ఇది మరీ జరిగే అవకాశముంది. జరగని దొంగతనాన్ని ప్రమాణం చేసి రాయొద్దు, దయచేసి.

లెక్కలపంతులు:
‘డిస్ప్యూట్’ వేరు, ‘అప్పీల్’ వేరు. హెచ్‌ఆర్‌కు పెట్టేది డిస్ప్యూట్ కాదు.

పాతకాపు:
పేరేదైనా పంపనివ్వండి. ఇంకోటి: దిద్దాక, గత 2 ఏళ్లలో ఉద్యోగం కోసం రిపోర్టు తీసుకున్నవాళ్లకు సవరణ పంపమని బ్యూరోని అడగొచ్చు. అడిగితేనే పంపుతారు.

లెక్కలపంతులు:
కాలిఫోర్నియా, ఇల్లినాయ్ అయితే చాలా ఉద్యోగాలకు ఈ చెక్ చేయడానికే వీల్లేదు కదా?

పాతకాపు:
బ్యాంకు ఉద్యోగాలకు అక్కడా మినహాయింపులున్నాయి. ఆయనది టెక్సాస్.

చిరుగాలి:
హెచ్‌ఆర్‌కు పంపాను. సోమవారం దాకా ఆగుతామన్నారు. థ్యాంక్సండీ.

మైత్రేయి:
బ్యూరోకి పంపారా?