అప్‌డేట్: ఇంకుడు గుంతలో నీళ్లు ఎందుకు ఇంకలేదో తెలిసింది

అనంతపురంలో కొత్తిల్లు కడుతున్నామని, మిద్దె మీది వాన నీళ్లు ఇంకుడు గుంతలో రెండు రోజులైనా అలాగే నిలుస్తున్నాయని పోయిన నెల అడిగాను కదా. గుంత చిన్నదేమో, కింద బండ తగిలిందేమో అని పడ్డ టెన్షనంతా దండగ. "ముందు పైన ఇసుక తీసి చూడు" అని సలహా ఇచ్చిన అన్నకు థాంక్స్, మా ఇంజినీరు గారు కూడా అదే చేయించారు. జానెడు లోతున ఇసుకకు సిమెంటు పాలు పట్టి అట్టు కట్టేసింది. గడ్డపారతో పొడిస్తే పెచ్చులుగా లేచింది. ప్లాస్టరింగ్ అయ్యాక మిద్దె కడిగిన నీళ్లన్నీ గుంతకు వచ్చే పైపులోకే పోయాయి మరి! కింద కంకర శుభ్రంగానే ఉంది. ఇసుక మార్చాం, పైపుకు జాలీ, మొదటి వాన నీళ్లు బయటికి వదలడానికి వాల్వు పెట్టాం. మొన్నటి వానకు గంటలో ఇంకిపోయాయి. కొత్త గుంత తవ్వించే ఖర్చు తప్పింది.