ఎంబీఏ ప్రవేశ పరీక్షల ఇంగ్లీషుకు వ్యాకరణ సూత్రాలు కావాలా, చదివే అలవాటు చాలా?

పుత్తూరు బీకాం

అందరికీ నమస్కారం. బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమమే. మన రాష్ట్ర కాలేజీల్లో ఎంబీఏ సీట్ల కోసం పెట్టే ఐసెట్ తప్పకుండా రాస్తాను. ఐఐఎంల కోసం క్యాట్, సింబయాసిస్ కాలేజీల కోసం స్నాప్ కూడా రాయాలని ఉంది. తిరుపతిలో నేను వెళ్తున్న కోచింగ్‌లో ఒక సార్ వ్యాకరణ సూత్రాల నోట్సు ఇచ్చి, మొత్తం కంఠస్థం చేయమన్నారు. ఇంకో సార్ ఆ నోట్సు పక్కన పెట్టి రోజూ ఇంగ్లీషు పత్రిక సంపాదకీయం చదవమంటారు. చదవగా చదవగా తప్పు వాక్యం చెవికే తెలిసిపోతుందట. నాకు మాత్రం నాలుగు జవాబులూ సరిగ్గానే వినిపిస్తున్నాయి. ఎవరి మాట వినాలి?

బాలాజీ కాలనీ

చెల్లెమ్మా, రెండో సార్ మాటే వినండి. క్యాట్‌లో ఇంగ్లీషు విభాగానికి 40 నిమిషాలు, 24 ప్రశ్నలు. అందులో 16 వ్యాసభాగాల మీదే వస్తాయి. మిగతావి వాక్యాలను వరుసలో పెట్టడం, సారాంశం ఎంచుకోవడం, పేరాలో ఇమడని వాక్యాన్ని పట్టుకోవడం వంటివి. వాక్యంలో తప్పు దిద్దమని నేరుగా అడగడం మానేసి చాలా ఏళ్లయింది. విదేశీ బిజినెస్ స్కూళ్ల కోసం ఎక్కువగా రాసే, వ్యాకరణానికి పెట్టింది పేరైన జీమ్యాట్ కూడా 2023 నవంబరులో తెచ్చిన కొత్త రూపంలో వాక్య సవరణ ప్రశ్నలను పూర్తిగా తీసేసింది. ఇప్పుడు అక్కడ ఇంగ్లీషుకు 23 ప్రశ్నలు, అన్నీ చదివి అర్థం చేసుకునేవి, తర్కించేవి. పరీక్ష పెట్టేవాళ్లే వదిలేసిన దాన్ని మనం కంఠస్థం చేయడం దేనికి?

చిత్తూరు మాస్టారు

క్యాట్, జీమ్యాట్ గురించి మీరు చెప్పింది నిజం. కానీ ఈ అమ్మాయి మొదట రాసేది ఐసెట్. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, తప్పు జవాబుకు మార్కు కోత లేదు. కమ్యూనికేషన్ విభాగంలో పదజాలం, వ్యాపార పరిభాషతో పాటు వ్యాకరణాన్నీ నేరుగా అడుగుతారు. స్నాప్‌లోనూ 60 ప్రశ్నల్లో 15 ఇంగ్లీషువే. అక్కడా వ్యాకరణం ఉంటుంది, పైగా తప్పుకు పావు మార్కు పోతుంది. ఏ పరీక్ష రాస్తున్నారో చూడకుండా సలహా ఇవ్వకూడదు.

అంతకంటే ముఖ్యమైన మాట ఒకటుంది. 'చెవికి వినిపించింది రాయి' అనేది ఇంట్లో, బడిలో ఇంగ్లీషు వింటూ పెరిగిన పిల్లలకు పనికొచ్చే సలహా. ఇంటర్ వరకు తెలుగులో చదువుకున్న అమ్మాయికి ఆ చెవి ఆరు నెలల్లో ఎక్కడి నుంచి వస్తుంది? అది రాలేదని తనను తాను నిందించుకుంటుంది. ఏటా ఇలాంటి పిల్లలను చూస్తున్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

తెలుగు మాధ్యమం పిల్లలకు వ్యాకరణం కొత్త కాదు. పదో తరగతి తెలుగు పరీక్షకు చదివిందే. దాన్ని ఇంగ్లీషుకు ఎలా వాడుకోవాలో ఎవరూ చూపించరు, అంతే. ఈ వాక్యం చూడండి: 'ది క్వాలిటీ ఆఫ్ ది మ్యాంగోస్ సెంట్ టు ది ఫ్యాక్టరీస్ హ్యావ్ ఇంప్రూవ్డ్.' ఫ్యాక్టరీస్ పక్కన హ్యావ్ ఉంది కాబట్టి చెవికి ఏ తేడా తెలియదు. ఇప్పుడు అదే సంగతి తెలుగులో చెప్పండి. 'ఫ్యాక్టరీలకు పంపే మామిడికాయల నాణ్యత పెరిగింది.' 'నాణ్యత పెరిగాయి' అని చిత్తూరు జిల్లాలో ఏ చిన్నపిల్లా అనదు. తెలుగులో కర్త వచ్చి క్రియ పక్కనే కూర్చుంది. ఇంగ్లీషులో కర్త ముందే వచ్చేసి, దాని వివరాలన్నీ క్రియకు అడ్డుపడ్డాయి. అడ్డుపడిన భాగాన్ని వేలితో మూసి చదివితే క్వాలిటీకి హ్యాజ్ రావాలని తెలిసిపోతుంది.

రెండోది శత్రర్థకం, అంటే 'చేస్తూ', 'ఎక్కుతూ' లాంటి మాట. 'అలిపిరి మెట్లు ఎక్కుతూ వాన మొదలైంది' అంటామా? అనం. ఎక్కింది మనం, మొదలైంది వాన. కర్తలు వేరు కాబట్టి 'ఎక్కుతుంటే వాన మొదలైంది' అంటాం. 'క్లైంబింగ్ ది స్టెప్స్, ది రెయిన్ బిగాన్' తప్పు కావడానికీ సరిగ్గా ఇదే కారణం. వాన మెట్లు ఎక్కదు. కామా తర్వాత వచ్చే కర్తే ఆ ఎక్కే పని చేయాలి. 'చేస్తే', 'పడితే' లాంటి చేదర్థకమూ అంతే. 'వాన పడితే' అన్నప్పుడు అందులో భవిష్యత్తు గుర్తు ఏదీ లేదు. ఇంగ్లీషులోనూ అలాంటి చోట ఇఫ్ తర్వాత విల్ రాదు.

నోట్సులోని సూత్రాలన్నీ అక్కర్లేదు. ఇలాంటివి పది, పదిహేను గట్టిగా పట్టుకుంటే చాలు. ఏ, ఆన్, ది విషయంలో, ప్రిపోజిషన్ల విషయంలో మాత్రం తెలుగు మనకు తోడు రాదు. 'సమస్య గురించి చర్చించారు' అనే అలవాటుతోనే డిస్కస్ తర్వాత అక్కర్లేని అబౌట్ పెడతాం. అవి చదవగా రావాల్సిందే, అక్కడ బాలాజీ కాలనీ గారితో నాకు పేచీ లేదు.

పలమనేరు అక్క

మాస్టారూ, ఏ, ది విషయంలో తెలుగు తోడు రాదన్నారు. నేను ఒప్పుకోను. 'అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు.' మొదటిసారి 'ఒక', రెండోసారి 'ఆ'. కథలో ఈ వరుసను మనలో ఎవరమూ తారుమారు చేయం. అన్ని చోట్లా కాకపోయినా, సగం చోట్ల ఏ, ది పనిచేసేదీ ఇలాగే. క్యాట్‌లో కలగాపులగం చేసిన నాలుగు వాక్యాలను వరుసలో పెట్టేటప్పుడు నేను మొదట దీన్నే చూసేదాన్ని. 'ఏ స్టడీ' అన్న వాక్యం ముందు, 'ది స్టడీ' అన్నది తర్వాత. హీ, దిస్, సచ్ లాంటి మాటలతో మొదలయ్యే వాక్యం సాధారణంగా పేరాకు మొదటిది కాదు. వ్యాకరణాన్ని నేరుగా అడగని పరీక్షలోనూ అది ఇలా పనికొస్తుంది.

బాలాజీ కాలనీ తమ్ముడికి ఇంకో మాట. వ్యాసభాగాల్లో ఒక్కో వాక్యం నాలుగైదు వరుసలు సాగుతుంది. అందులో అసలు కర్త ఏది, అసలు క్రియ ఏది అని పట్టుకోలేని మనిషి ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివినా లాభం లేదు. మాస్టారు చెప్పిన 'వేలితో మూసి చదవడం' అక్కడే నన్ను గట్టెక్కించింది.

బాలాజీ కాలనీ

అక్కా, వరుస కట్టే సంగతి ఒప్పుకుంటున్నాను. నా భయం వేరు. సూత్రాలు చదువుతుంటే చదివినట్టు తృప్తిగా ఉంటుంది, పేజీకి ఇన్ని అయ్యాయని లెక్క పెట్టుకోవచ్చు. వ్యాసం చదివితే ఆ తృప్తి దొరకదు. అందుకే పిల్లలు సూత్రాల దగ్గరే ఆగిపోతారు. మా గదిలో ఒకతను లావుపాటి వ్యాకరణ పుస్తకం రెండుసార్లు పూర్తి చేశాడు. పరీక్షలో ఆర్థిక విషయం మీద వచ్చిన మొదటి వ్యాసభాగం దగ్గరే కూలబడ్డాడు. నలభై నిమిషాల్లో నాలుగు వ్యాసాలు చదివి తట్టుకునే ఓపిక సూత్రాలతో రాదు. రోజూ చదివితేనే వస్తుంది, దానికి నెలలు పడుతుంది. ముందు సూత్రాలు, తర్వాత చదువు అనుకున్నవాళ్లకు ఆ 'తర్వాత' రాదు.

పుత్తూరు బీకాం

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి నోట్సు తీసి, మాస్టారు చెప్పినట్టు ఒక్కో తప్పు వాక్యాన్నీ తెలుగులోకి మార్చి చూశాను. కర్త, క్రియ తప్పులు నిజంగానే బయటపడ్డాయి. ఒక్క చోట మాత్రం చిక్కుకున్నాను. 'నైదర్ ది ఫార్మర్స్ నార్ ది ట్రేడర్ వర్ హ్యాపీ.' జవాబు వాజ్ అని ఇచ్చారు. క్రియ పక్కన ఉన్న మాటను చూసి మోసపోవద్దని మాస్టారు అన్నారు కదా, ఇక్కడ పక్కనున్న ట్రేడర్‌ను బట్టే వాజ్ వచ్చింది. ఎందుకు?

చిత్తూరు మాస్టారు

మంచి చోట ఆగావమ్మా. మామిడికాయల వాక్యంలో కర్త ఒక్కటే, మిగతావి దాని వివరాలు. అందుకే మూసేయమన్నాను. ఇక్కడ ఫార్మర్స్, ట్రేడర్ ఇద్దరూ కర్తలే, ఎవరినీ మూసేయడానికి లేదు. ఒకరు బహువచనం, ఒకరు ఏకవచనం. క్రియ ఇద్దరికీ ఒకేసారి సరిపోదు కాబట్టి, దగ్గరున్న కర్తను బట్టి నడుస్తుంది. అటూ ఇటూ మార్చి 'నైదర్ ది ట్రేడర్ నార్ ది ఫార్మర్స్' అని రాస్తే వర్ వస్తుంది. తెలుగులో 'రైతులూ వ్యాపారీ ఎవరూ సంతోషంగా లేరు' అని ఇద్దరినీ కలిపేస్తాం కాబట్టి ఈ చిక్కు మనకు ఎదురుకాదు. దీన్ని మాత్రం విడిగా గుర్తుపెట్టుకో.

బాలాజీ కాలనీ

చూశారా మాస్టారూ, పదిహేను సూత్రాలు చాలన్నారు, పదహారోది అప్పుడే వచ్చింది. చెల్లెమ్మా, ఐసెట్ అయ్యేవరకు మాస్టారి పద్ధతిలోనే వెళ్లండి, అడ్డు చెప్పను. కానీ రోజుకు ఒక్క వ్యాసం చదవడం ఈ రోజు నుంచే మొదలుపెట్టండి. క్యాట్ నవంబరు చివరి ఆదివారం కాబట్టి ఐసెట్ అయ్యాక చూద్దామనుకుంటే సమయం చాలదు.