పికార్డ్ ఆ కత్తిపోటు తినాల్సిందేనా? ('టాపెస్ట్రీ' మీద చర్చ)

చుక్కలరేయి:
1993 ఫిబ్రవరిలో వచ్చిన 'టాపెస్ట్రీ' ఎపిసోడ్ సంగతి. అంతరిక్ష ఓడ కథల అమెరికన్ టీవీ సీరియల్ స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్ ఆరో సీజన్‌లోది, రాసింది రొనాల్డ్ డి. మూర్. చూడనివాళ్ల కోసం క్లుప్తంగా: దాడిలో ఓడ కెప్టెన్ పికార్డ్ కృత్రిమ గుండె దెబ్బతిని ప్రాణం పోతుంది. అవతలి ఒడ్డున దేవుడంత శక్తులున్న క్యూ అనేవాడు ఎదురై, ఆయన్ను 2327కి పంపిస్తాడు. అప్పుడే అంతరిక్ష దళపు అకాడమీ నుంచి బయటికొచ్చిన కుర్రాడు, నాసికన్ అనే గ్రహాంతర జాతివాడి చేతిలో గుండెలోకి కత్తిపోటు తినడానికి ఇంకా రెండు రోజులుంది. కృత్రిమ గుండె పెట్టాల్సొచ్చింది ఆ పోటు వల్లే. ఈసారి తప్పించుకుంటే బతుకుతాడు. తప్పించుకుంటాడు. తీరా చూస్తే అదే ఓడలో శాస్త్ర విభాగపు నీలం యూనిఫాం వేసుకున్న జూనియర్ లెఫ్టినెంట్. ఇలా బతకడం కన్నా పాత మనిషిగా చావడమే నయమని, వెనక్కెళ్లి పొడిపించుకుంటాడు.

నా అభ్యంతరం ఏంటంటే, ఇది తనను తాను ఒప్పుకోవడం కాదు, కెప్టెన్ కుర్చీ పోయిందన్న ఏడుపు. ఖగోళ భౌతికశాస్త్రం చేసుకునేవాడి బతుకు చావు కన్నా హీనమా? పైగా ఆయన మార్చినవి మూడు. అకాడమీలో తోడున్న మార్తాతో స్నేహం దాటి ఒక రాత్రి గడిపాడు. నాసికన్‌ను ఓడించడానికి డామ్‌జాట్ (బిలియర్డ్స్‌లాంటి ఆట) బల్లలో మోసం పెడదామని ఇంకో స్నేహితుడు కోరీ అడిగితే చెయ్యనన్నాడు. చివరికి గొడవ ముదరకుండా కోరీనే కింద పడేశాడు. మూడూ మార్చేసి, ఫలితమంతా కత్తి ఖాతాలో రాస్తే ఎలా?

దుర్భిణి:
ఆ ఖాతా రాసింది క్యూ, లెక్క కూడా చూపించాడు. ఆ పికార్డ్ చావును ఎదురుగా చూడలేదు. అందుకే మిలికా 3లో రాయబారిని కాపాడే బృందానికి ముందు నడవలేదు, తన పాత ఓడ స్టార్‌గేజర్ కెప్టెన్ చనిపోయినప్పుడు బ్రిడ్జి బాధ్యత అందుకోలేదు. రెండోసారి పంపినప్పుడు తెర మీద సరిదిద్దుకున్నది ఒక్క కొట్లాటనే. అది చాలు, కెప్టెన్ తిరిగొచ్చేశాడు.

కుర్చీ గురించి అంటారా, టెన్ ఫార్వర్డ్ (ఓడలోని విశ్రాంతి హాలు) సీన్ మళ్లీ చూడండి. కమాండ్‌కు వెళ్లే వీలుందా అని పై అధికారులు రైకర్‌నీ ట్రాయ్‌నీ అడుగుతాడు. వాళ్లు తిట్టరు. నమ్మకస్తుడు, టైముకొస్తాడు, శ్రద్ధగా చేస్తాడు, అన్నీ పొగడ్తలే. ఆ తర్వాత రైకర్ మొహమాటపడుతూ, అది జరిగే పనిలా లేదంటాడు. నిన్నటిదాకా తన కింద పనిచేసినవాడు జాలిపడి మాట్లాడుతున్నాడు! హోదా పోయినందుకు కాదు, నువ్వు ఎప్పుడూ తెగించలేదు అన్న మాట మర్యాదగా వినాల్సొచ్చినందుకు ఆయన మొహం అలా అయిపోయింది.

అడ్డసవాల్:
ఇద్దరూ ఒక చిక్కు వదిలేశారండీ. 2327కి వెళ్లింది ముసలి బుర్ర, కుర్ర ఒళ్లు. గొడవ తప్పించగానే ఒక్క గెంతులో వర్తమానం. మధ్యలో నలభై ఏళ్లు గడిపిందెవరు? ఆ లెఫ్టినెంట్ బతుకును మన పికార్డ్ బతకనే లేదు, కాసేపు చూశాడంతే. చుట్టపుచూపుగా వచ్చి ఇల్లు పడగొట్టమన్నట్టుంది. ఆ మనిషికి తన పనంటే ఇష్టమేమో, ఎవరైనా అడిగారా?

చుక్కలరేయి:
నేను అనబోయింది అదే. నాకన్నా సూటిగా చెప్పారు.

దుర్భిణి:
గట్టి పాయింటే, కాదనను. మరి ఆ నవ్వు సంగతి? రెండో సీజన్ 'సమారిటన్ స్నేర్' ఎపిసోడ్‌లో, ఓడలోని కుర్రాడు వెస్లీకి ఈ గొడవ గురించి చెప్పినప్పుడే, ఛాతీలోంచి బయటికొచ్చిన కత్తిని చూసి నవ్వానంటాడు. అక్కడది వింత ముచ్చటగా మిగిలిపోయింది. మూర్ దానికి కారణం కట్టాడు. వీపులోంచి దిగిన కత్తి మొన వంక తల వంచి చూసుకుని నవ్వుతున్నది, అది దేనికి మొదలో తెలిసినవాడు. అలాగని చేసింది ఒప్పని ఎక్కడా అనడు. గర్వపడలేని సంగతులు చాలా ఉన్నాయనే రైకర్‌తో చెప్తాడు. టాపెస్ట్రీ అంటే బొమ్మలు నేసిన బట్ట కదా, వేలాడే పోగు ఒకటి లాగితే తన బతుకు నేతంతా ఊడిపోయిందంటాడు. బాధ అలాగే ఉంది, చెరిపేయాలన్న ఆశ పోయింది.

అడ్డసవాల్:
కుర్రాడి తప్పులకు ఆ మాట సరిపోతుంది. కానీ తెల్లారాక మార్తా పడ్డ ఇబ్బంది, స్నేహం తెంచుకుని కోరీ వెళ్లిపోవడం, ఇవి కుర్రతనం దుడుకు వల్ల రాలేదు. అరవై దాటిన పెద్దమనిషి అతిజాగ్రత్త వల్ల వచ్చినవి. ఆ పోగు గురించి ఎపిసోడ్‌లో ఎవరూ మాట్లాడరేం?