టోక్యో మీటింగుల్లో లైవ్ క్యాప్షన్ తప్పులు: వాక్యం పూర్తయ్యాకే చూపించే మార్గం ఉందా?

హైదరాబాద్, టోక్యో టీములకు టైముతో పేచీ లేదు. అక్కడ మధ్యాహ్నం 2 అయితే ఇక్కడ ఉదయం 10:30. చిక్కంతా లైవ్ అనువాదంతోనే. జపనీస్‌లోనూ మనలాగే క్రియ, దాని వ్యతిరేకం వాక్యం చివర్లో వస్తాయి. ఇంగ్లీషు క్యాప్షన్ తొందరపడి ముందు "రిలీజ్ చేద్దాం" అని చూపించి, తర్వాత "వద్దు" అని మార్చేస్తుంది. ఈలోగా మొదటిది చదివినవాళ్లు పని మొదలెట్టేస్తారు. అంకెలు ఇంకా ప్రమాదం. జపనీయులు పదివేలను ఒక యూనిట్‌గా లెక్కిస్తారు, అలాంటివి 15 అంటే లక్షన్నర. ఒక్క సున్నా జారితే ఎస్టిమేట్ తలకిందులే.

గది మొత్తానికి ఒకే మైకు కాకుండా మనిషికో హెడ్‌సెట్ ఇచ్చి, అంకెలు చాట్‌లో టైప్ చేయిస్తే చాలా తప్పులు తగ్గుతాయి. వాక్యం ముగిశాకే క్యాప్షన్ చూపించే సెట్టింగ్ ఎవరైనా వాడుతున్నారా? ఎన్ని సెకన్లు ఆలస్యమవుతోంది? దయచేసి చెప్పండి.