స్పైనల్ మత్తు తర్వాత కూర్చుంటే తలనొప్పి, ఎవరికైనా ఇలా అయిందా?

మా చెల్లికి నాలుగు రోజుల క్రితం సిజేరియన్ అయింది, నడుముకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. మధ్యలో బీపీ 80కి పడిపోతే మానిటర్‌లో చూసి వెంటనే మందు ఎక్కించారు, అది సర్దుకుంది. అసలు బాధ రెండో రోజు నుంచి. లేచి కూర్చుంటే చాలు మెడ వెనక నుంచి నుదుటి దాకా పగిలిపోయే నొప్పి, పడుకుంటే కాసేపట్లో తగ్గుతుంది, పాపకి కూర్చుని పాలివ్వలేక ఏడుస్తోంది. సూది పడిన చోట వెన్ను నీరు కారడం వల్లేనట. పారాసెటమాల్, కాఫీతో తగ్గకపోతే తన చేతి రక్తమే 20 మి.లీ. దాకా తీసి నడుములో ఎక్కిస్తామన్నారు మత్తు డాక్టరు గారు, బ్లడ్ ప్యాచ్ అంటారట. మళ్లీ నడుముకి సూదంటే అందరికీ టెన్షన్‌గా ఉంది. చేయించుకున్నవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి, ఎన్ని గంటల్లో తేలికైంది? తర్వాత నడుము నొప్పి ఏమైనా మిగిలిందా? జ్వరం, చూపు మసకబారడం, ఫిట్స్ అయితే లేవు.