అడ్వాన్సులో ఎంత పట్టుకోవచ్చు? (విశాఖ ఎంవీపీ కాలనీ, పై పోర్షన్ ఖాళీ అవుతోంది)

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఎంవీపీ కాలనీలో మా ఇల్లు. కింద అమ్మానాన్న ఉంటారు, పై పోర్షన్ అద్దెకిచ్చాం. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. మూడేళ్లుగా ఉంటున్నవాళ్లు ఈ నెలాఖరుకి ఖాళీ చేస్తామన్నారు. అద్దె 14 వేలు, అడ్వాన్సు 28 వేలు మా దగ్గరుంది. ఆఖరి నెల అద్దె కట్టకుండా "అడ్వాన్సులో పట్టేసుకోండి" అంటున్నారు. ఇల్లు చూస్తే కిటికీ గ్రిల్స్ తుప్పు, గోడలు మాసిపోయాయి, బాత్రూం పక్క గోడకి చెమ్మ, మేం పెట్టించిన ఏసీ బయటి యూనిట్ పాడైంది, హాల్లో టీవీకీ షెల్ఫులకీ కొట్టిన కన్నాలు, వంటింటి గ్రానైట్ ఒక మూల పగిలింది. మిగతా 14 వేలు ఉంచేసుకుంటే సరిపోతుందని నాన్న, లెక్కేస్తే ఇంకా వాళ్లే ఇవ్వాలని నేను. ఏది న్యాయం?

గాజువాక నుంచి ఒకరు:
మెతగ్గా ఉంటే నెత్తికెక్కుతారు. కరెంటు ఫ్యూజు పీకేయండి, రెండు రోజుల్లో అద్దె చేతిలో పెడతారు.

మధురవాడలో ఫ్లాట్లు అద్దెకిచ్చే ఆవిడ:
పై సలహా ఎవరూ పాటించకండి బాబూ. కరెంటు, నీళ్లు ఆపి మనిషిని ఖాళీ చేయించడం చట్టం ఒప్పుకోదు. వాళ్లు స్టేషన్‌కి వెళితే బాకీ సంగతి పక్కకుపోయి మీరు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. పైగా వెళ్లిపోతామన్నవాళ్లతో గొడవ దేనికి? ఆఖరి నెల అద్దె అడ్వాన్సులో సర్దుకోమనడం ఊరంతా ఉన్నదే. నాకూ నచ్చదు, ఎందుకంటే అప్పుడు మన చేతిలో మిగిలేది సగమే. అందుకే నేను అగ్రిమెంటులోనే "అడ్వాన్సు అద్దెకి జమ కాదు" అని ఒక వాక్యం రాయిస్తాను. మీ కాగితంలో అలా ఉందేమో ముందు చూడండి.

లాసన్స్ బే కాలనీ, రిటైర్డ్ సివిల్ ఇంజినీరు:
బాబూ, మీరు చెప్పిన వాటిలో సగం ఖర్చు సముద్రం పద్దులో రాయాలి, వాళ్ల పద్దులో కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఇది ఉంది. ఇల్లు ఏ స్థితిలో అప్పగించారో ఆ స్థితిలో తిరిగివ్వాలి, కానీ మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకీ, మనిషి ఆపలేని విపత్తుకీ మినహాయింపు. 2014లో హుద్‌హుద్ తుపానుకి పగిలిన అద్దాల డబ్బు అద్దెకున్నవాళ్లని అడగలేం కదా, ఇదీ అంతే.

గ్రిల్ దగ్గరికెళ్లి కింది పట్టీకి నిలువు ఊచ అతికే చోట చూడండి. వాన నీరు నిలిచేది అక్కడే. పెయింటు ముందు బుడగలా లేస్తుంది, గోరుతో గీకితే పెచ్చు ఊడి కింద ఎర్రటి పొర కనిపిస్తుంది. అది ఉప్పు గాలి పని. గీకించి, తుప్పు ఆపే రెడాక్సైడ్ ప్రైమర్ కొట్టించాల్సింది ఓనరే. ఏసీ బయటి యూనిట్ రేకులు తెల్లబడి పొడిపొడిగా రాలుతుంటే అదీ గాలి పనే.

చెమ్మ గోడ మీద తెల్లటి పొడి పూసిందా? అయితే వెనక పైపు జాయింటో, టైల్స్ సందో కారుతోంది. వాళ్లు ఎప్పుడైనా వాట్సాప్‌లో "గోడ చెమ్మగా ఉంది" అని పెట్టి ఉంటే ఆ ఊసే ఎత్తకండి, తప్పు మీ మీదికొస్తుంది.

పెయింటుకని ఒక నెల అద్దె పట్టుకునే ఓనర్లు చాలామందే ఉన్నారు. అగ్రిమెంటులో రాసి ఉంటే సరే, లేకపోతే ఇప్పుడు కొత్తగా తీయకండి. మూడేళ్లకి మీరెలాగూ రంగులు వేయిస్తారు. మేకు కన్నాలు గుప్పెడు పుట్టీతో పోతాయి, వాటికి డబ్బులడగడం చిన్నతనం. మిగిలింది గ్రానైట్. అది నిజంగా అడగదగ్గది.

పనిలో పనిగా బాల్కనీ స్లాబు అడుగు భాగం చూడండి. లోపలి ఇనుము తుప్పుకి ఉబ్బితే కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. అడ్వాన్సు గొడవ కంటే అది తొందర పని.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. అగ్రిమెంటులో అడ్వాన్సు గురించీ పెయింటు గురించీ ఏమీ లేదు. దిగినప్పుడు నాన్న తీసిన ఫొటోల్లో హాలు, బెడ్‌రూమ్ ఉన్నాయి, వంటిల్లు లేదు. గ్రానైట్ ముందే పగిలి ఉందని వాళ్లంటే?

మధురవాడ ఆవిడ:
అంటే మీ దగ్గర జవాబు లేదు. సగం మీరు, సగం వాళ్లు అని అడగండి, మర్యాదగా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. ఈసారి దిగేవాళ్లని పక్కన పెట్టుకునే ప్రతి గదీ వీడియో తీయండి, కుళాయిలు తిప్పి, గీజరు ఆన్ చేసి. ఆ వీడియో వాళ్ల వాట్సాప్‌కే పంపండి, తేదీతో సహా ఉండిపోతుంది.

కరెంటు సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? బకాయి ఉంటే ఈపీడీసీఎల్ వాళ్లకి కావాల్సింది సర్వీసు నంబరే, అందులో ఎవరున్నారన్నది కాదు. తాళం ఇచ్చే రోజు మీటరు ఫొటో తీసి, పోయిన బిల్లు రీడింగ్ నుంచి యూనిట్లు లెక్కకట్టి అంత పట్టుకోండి. ఎప్పుడో వాడిన కరెంటుకి తర్వాత సర్దుబాటు ఛార్జీలు వేయడం మన రాష్ట్రంలో చూస్తూనే ఉన్నాం. ఖాళీ చేసి వెళ్లినవాళ్లు వాడిన దానికి కొత్తవాళ్లు కట్టనంటారు, అదీ న్యాయమే. కాబట్టి దానికి కాస్త ఉంచుకుంటామని ముందే చెప్పి, ఎన్నాళ్లు ఉంచుకుంటారో కూడా చెప్పేయండి. ఇంటిపన్ను మాత్రం వాళ్లమీద వేయకండి, కార్పొరేషన్‌కి (జీవీఎంసీ) కట్టాల్సింది మనమే.

ప్రశ్న అడిగినవారు:
సరే, అద్దె, కరెంటు, గ్రానైట్‌లో సగం. మిగతాది తాళం ఇచ్చిన రోజే ఫోన్‌పే చేసేస్తాను. నాన్నకి ఇంకో టెన్షన్, ఆషాఢం వచ్చేస్తోంది. టూ-లెట్ బోర్డు పెట్టినా శ్రావణం దాకా ఎవరూ దిగరంటున్నారు.

మధురవాడ ఆవిడ:
నిజమే, ఆషాఢంలో, పుష్యంలో ఇల్లు మారేవాళ్లు తక్కువ. కానీ బోర్డు ఇవాళే పెట్టండి. నచ్చినవాళ్లు ఆషాఢం రాకముందే ఒక మంచిరోజు చూసుకుని పాలు పొంగించి వెళ్తారు, సామాన్లు తర్వాత తెచ్చుకుంటారు. అద్దె ఏ రోజు నుంచి లెక్కో మాత్రం పాలు పొంగించిన రోజే తేల్చుకోండి.

లాసన్స్ బే ఇంజినీరు:
లోపలి రంగులు ఆ ఖాళీలో కానిచ్చేయండి, కానీ చెమ్మ గోడ జోలికి వెళ్లకండి. కారేది ఆపకుండా పుట్టీ పెడితే రెండు నెలల్లో మళ్లీ ఊడుతుంది. గ్రిల్స్ వానల్లో వద్దు, తడి ఇనుము మీద ప్రైమర్ పట్టదు. ప్లంబర్‌ని ముందు పిలవండి, పెయింటర్‌ని తర్వాత.