మారుతి 800 ఇంజన్ పని: బోరింగ్ చేయించాలా, రింగులు మారిస్తే చాలా?

అందరికీ నమస్కారం. మా నాన్నగారి 2004 మారుతి 800కి ఇంజన్ పని చేయించాలి. 796 సీసీ, మూడు సిలిండర్ల ఎంపీఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండి. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తోంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు లాగడం లేదు, ఆయిల్ తరచూ పోయాల్సి వస్తోంది. కంప్రెషన్ (సిలిండర్‌లో ఏర్పడే ఒత్తిడి) చూపిస్తే మధ్య సిలిండర్‌లో బాగా తక్కువ వచ్చింది. ప్లగ్ రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి మళ్లీ చూస్తే పెరిగింది. అంటే వాల్వుల కంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులో, బోరో (సిలిండర్ లోపలి గోడ) అరిగి ఉండాలి.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్ రింగులు, వాల్వ్ సీళ్లు మారిస్తే చాలన్నారు. ఇంకొకాయన బోరింగ్ చేయించి (అరిగిన బోరును కాస్త పెద్దగా కోయించి) ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయాల్సిందే అంటున్నారు. నా దగ్గర ఉన్నది పాతిక వేలు. బోరు కొలవకుండా కొత్త రింగులు వేస్తే మళ్లీ పొగ మొదలవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) బాగుంటే బేరింగులు మాత్రం మార్చి వదిలేయొచ్చా? హెడ్ ఫేసింగ్ (సిలిండర్ హెడ్ అడుగు భాగాన్ని చదును చేయించడం) తప్పదా? టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్ మాత్రం కొత్తవే వేస్తాను, అక్కడ పొదుపు చేయను. సెకండ్ హ్యాండ్ ఇంజన్ వద్దనుకుంటున్నాను. దాని లోపల ఎలా ఉందో తెలియదు, పైగా ఆర్సీలో ఇంజన్ నంబర్ మార్పించుకోవాలి. ఈ పని చేయించినవాళ్లు లేత్ పనికి (బోరింగ్, ఫేసింగ్ లాంటివి) ఎంత, స్పేర్లకు ఎంత అయిందో విడివిడిగా చెప్పగలరా?